కాన్వీ కోట ఊరికి కారవానా, మోటర్‌హోమా?

మంజీర: ఆగస్టులో బర్మింగ్‌హామ్ నుంచి ఉత్తర వేల్స్‌లోని కాన్వీకి వెళ్ళాలి. ఇద్దరు పెద్దలు, ఇద్దరు పిల్లలు. కోట, ఊరి ప్రాకారం తీరిగ్గా చూడాలి, వంట మనమే చేసుకోవాలి. కారు వెనక తగిలించే ఇల్లులాంటి బండి కారవాన్ మేలా, ఇల్లూ ఇంజినూ ఒకే బండిలో ఉండే మోటర్‌హోమ్ మేలా?

నల్లమల: కారవానే. ఆ ఊరి అమరికే అందుకు కారణం. ఇంగ్లండ్ రాజు ఒకటో ఎడ్వర్డ్ 1283లో కోటతో పాటే ఊరి గోడ కూడా మొదలుపెట్టాడు. 1.3 కిలోమీటర్ల ప్రాకారం, 21 బురుజులు ఇప్పటికీ నిలిచే ఉన్నాయి. ద్వారాలు ఇరుకు, లోపల చాలా వీధులు వన్‌వే. పార్కింగ్ గళ్ళు మామూలుగా 4.8 మీటర్లే, ఏడు మీటర్ల మోటర్‌హోమ్ ఎక్కడ పడుతుంది? కారవాన్ అయితే క్యాంపు సైటులో వదిలేసి కారులో తిరగొచ్చు.

తుంగభద్ర: ఒప్పుకోనండి. మోటర్‌హోమ్‌నూ సైటులోనే ఉంచి రైలెక్కొచ్చుగా! కాన్వీ స్టేషన్ గోడల లోపలే ఉంది. అది రిక్వెస్ట్ స్టాప్, దిగాలంటే గార్డుకు ముందే చెప్పాలి. ప్లాట్‌ఫామ్ పొట్టిది కాబట్టి ఏ తలుపు తెరుస్తారో కూడా అడగాలి. లేదంటే పక్క స్టేషన్ లాండడ్నో జంక్షన్‌లో దిగి వంతెన మీద నడిచి వస్తే కోట ఎదురుగానే ఉంటుంది. ఎప్పుడూ లాగనివాళ్ళను కాన్వీ వైపు పోయే, గాలి వీచే ఏ55 రోడ్డు మీదికి కారవాన్‌తో పంపడం నాకు ససేమిరా ఇష్టం లేదు. పక్కనుంచి లారీ దూసుకుపోతే చాలు, వెనక బండి ఊగడం మొదలవుతుంది.

నల్లమల: ఊగేది ఎక్కువగా సర్దడంలో తప్పు వల్ల, వేగం వల్ల. బరువు వెనక పడితే హిచ్, అంటే కారుకు తగిలే ముందు కొక్కెం, తేలికైపోతుంది. హిచ్ మీద కారవాన్ బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలి: 1,300 కిలోలకు 65–91 కిలోలు. టోబార్ (కారు వెనక లాగే కడ్డీ) పరిమితి అంతకన్నా తక్కువైతే దానికే కట్టుబడాలి. బియ్యం, నీళ్ళ డబ్బాలు ఇరుసు పైన, నేల మీదే పెట్టండి. నిండా సర్దిన కారవాన్ బరువు కారు ఖాళీ బరువులో 85 శాతం దాటకపోతే మంచిది. అంటే 1,300 కిలోలకు కారు కనీసం 1,530 ఉండాలి. మోటర్‌వేపై గంటకు 60 మైళ్ళు, రెండువైపులా వాహనాలొచ్చే మామూలు రోడ్డుపై 50 దాటకూడదు. వేల్స్‌లో ఊళ్ళలో 2023 సెప్టెంబరు నుంచి సాధారణ పరిమితి 20 మైళ్ళే. ఊగితే బ్రేకు గట్టిగా తొక్కొద్దు, స్టీరింగ్‌తో సరిదిద్దబోవద్దు. యాక్సిలరేటర్ వదిలి, స్టీరింగ్ కదలకుండా తిన్నగా పట్టుకోండి.

లైసెన్సు సంగతి: 2021 డిసెంబరు 16 నుంచి బ్రిటన్ కారు లైసెన్సుతోనే 3,500 కిలోల వరకు ట్రైలర్ లాగొచ్చు. ఇండియా లైసెన్సున్నవాళ్ళు మాత్రం అద్దె సంస్థ, బీమా సంస్థ రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే తగిలించండి.

కిన్నెరసాని: మోటర్‌హోమ్‌కీ బరువు లెక్క తప్పదు. చాలావాటికి మొత్తం 3,500 కిలోలే హద్దు. 100 లీటర్ల నీళ్ళంటే అక్కడికే 100 కిలోలు. నాలుగు పడకలున్నంత మాత్రాన నాలుగు సీటు బెల్టులు ఉంటాయనుకోకండి, బుక్ చేసేముందు అడగండి.

వంటకు రెండింటిలోనూ చిక్కు కరెంటే. సైటు హుకప్ (బండికిచ్చే కరెంటు కనెక్షన్) 10 ఆంప్స్ అయితే దొరికేది 2,300 వాట్లు. 2,000 వాట్ల కెటిల్ పెట్టి హీటర్ వేశారా, బ్రేకర్ పడిపోతుంది. అన్నం గ్యాస్ మీద, కూర ఇండక్షన్ మీద పెట్టుకోండి. తాలింపు వేసేటప్పుడు పైకప్పు వెంట్ తెరవండి, లేకపోతే పొగ అలారం మోగుతుంది. నేల దగ్గరి గాలి రంధ్రాలు చలికి కూడా ఎప్పుడూ మూయొద్దు. మూస్తే కార్బన్ మోనాక్సైడ్ పేరుకుంటుంది, అది ప్రాణాంతకం.

తుంగభద్ర: లెక్కలన్నీ సరైనవే. కానీ మొదటిసారి వెళ్ళేవాళ్ళు ఒక్క పూటలో ఇన్ని నేర్చుకోలేరు. కారవానే కావాలంటే, వాళ్ళే తెచ్చి సైటులో నిలబెట్టి ఇచ్చే అద్దె సంస్థను వెతకండి.

నల్లమల: అది నాకూ సమ్మతమే. 1986లో కాన్వీతో కలిపి యునెస్కో గుర్తించిన కర్నార్వన్, బ్యూమారిస్, హార్లెక్ కోటలకూ కారు ఖాళీగానే ఉంటుంది. ఒక్కటి గుర్తుంచుకోండి: నిలబెట్టాక ముందు అడ్డంగా లెవెల్ చూడాలి, పల్లంగా ఉన్న చక్రం కింద ర్యాంప్ పెట్టాలి. తర్వాత బండి ముందుండే చిన్న జాకీ చక్రాన్ని తిప్పి ముందువెనకలు సరిచేయాలి. మూలల కాళ్ళు చివర్లో దించాలి. అవి బండి కదలకుండా ఆనడానికే, పైకెత్తడానికి వాడితే వంగిపోతాయి.