అప్‌డేట్: ఐసీయూలో నాన్నకు పురుగులు కనిపించడం, కారణం తెలిసింది

వెంటిలేటర్ తీశాక నాన్న సీలింగ్ మీద పురుగులున్నాయని, నర్సులు కట్టేసి చంపబోతున్నారని అంటున్నారు, మతి చలించిందా అని అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. అది డెలీరియం, అంటే ఒంట్లో బాగాలేనప్పుడు ఉన్నట్టుండి వచ్చే అయోమయం. డాక్టర్ పది ఇంగ్లీషు అక్షరాలు చదువుతూ ‘ఏ’ వినబడినప్పుడల్లా చెయ్యి నొక్కమన్నారు. రెండుకు మించి తప్పులొస్తే ధ్యాస నిలవట్లేదని లెక్కట. నేను భయపడిన స్ట్రోక్ కాదు, సీటీ స్కాన్ మామూలుగానే ఉంది.

బాగా పనిచేసింది కళ్లద్దాలు, వినికిడి మిషన్ తిరిగి పెట్టమన్న సలహా. అద్దాల్లేని కళ్లకు సీలింగ్ పలకల మీది చుక్కలే పురుగులు. బీపీ పట్టీ దానంతటదే బిగుసుకుంటుంటే ఎవరో చెయ్యి కట్టేస్తున్నట్టు! నిద్రకిస్తున్న మిడజోలమ్ అనే మందును డాక్టర్లు క్రమంగా ఆపారు. రాత్రి లైట్లు తగ్గించారు, పగలు కిటికీ దగ్గర కూర్చోబెట్టారు.

“అక్కడేం లేవు” అని వాదిస్తే భయం పెరిగేది. “భయంగా ఉందా నాన్నా, నేనిక్కడే ఉన్నా” అని, ఆ రోజేంటో, తనెక్కడున్నారో చెబితే నెమ్మదించేవారు.

ఇంకోటి, గొడవ చెయ్యకుండా మగతగా పడుండేవాళ్లలోనూ ఇది ఉంటుంది, తేలిగ్గా కనిపెట్టలేరు. అనుమానముంటే మీరే అడిగి పరీక్ష చేయించండి.