నిర్మాతగా నాగయ్యగారిని ముంచింది దానధర్మాలా, వడ్డీలా?

గిరింపేట: మా చిత్తూరులో ఎవుర్ని కదిలించినా ఒకటే మాట: అడిగినోళ్లకంతా ఇచ్చి పాతతరం సినిమా నటుడు చిత్తూరు నాగయ్యగారు చితికిపోయినారని. నిర్మాతగా ఆయన దెబ్బతినింది నిజంగా దానాల వల్లేనా? తిరుపతిలో సొంత బ్యానర్ (సినిమా నిర్మాణ సంస్థ) పెట్టాలనుకునే పిల్లకాయలు కూడా చెప్పండి.

అలిపిరి: నేను ఒప్పుకోనన్నా. ఇచ్చే చెయ్యి ఆయనకు మొదట్నించీ ఉండేదే. రేణుకా ఫిల్మ్స్ పేరుతో 1943లో ‘భాగ్యలక్ష్మి’ తీసినారు. యుద్ధం రోజులు, ముడి ఫిల్ము మీద ఆంక్షలుండే కాలం. తెలుగులో నేపథ్యగానం ఆ సినిమాతోనే మొదలైందంటారు. 1946లో ‘త్యాగయ్య’కు నిర్మాత, దర్శకుడు, హీరో అన్నీ ఆయనే, బ్రహ్మాండంగా ఆడింది. అప్పుడు దానాలు చెయ్యలేదా? కంపెనీ నిలబడింది కదా!

దెబ్బ పడింది తర్వాత. 1953లో ‘నా ఇల్లు’, తెలుగు తమిళం రెండిట్లోనూ. ఆ తర్వాత ‘రామదాసు’ ఏళ్ల తరబడి సాగి 1964కు గానీ బయటికి రాలేదు. ఏ నిర్మాతనైనా కూల్చేదానికి అది చాలు. మాటవరసకు లక్ష అప్పు, నూటికి రెండు రూపాయల వడ్డీ అనుకో. నెలకు రెండు వేలు. నాలుగేళ్లు దాటేసరికి వడ్డీయే అసలంత అవుతుంది, సినిమా మాత్రం ఇంకా సెట్టు మీదే ఉంటుంది. సినిమా హక్కులు కొనే బయ్యరిచ్చిన అడ్వాన్సు ఎప్పుడో కరిగిపోయుంటుంది. రిలీజునాడు వచ్చేదంతా ఫైనాన్షియరుకే.

విజయా ప్రొడక్షన్స్‌వాళ్లను చూడు. కథ చక్రపాణిది, లెక్క నాగిరెడ్డిది. వాహినీ స్టూడియో చేతిలో ఉండె, ఎన్టీఆర్‌ను నెల జీతం మీద పెట్టుకునిరి. 1950లో ‘షావుకారు’, మరుసటేడే ‘పాతాళభైరవి’. అన్నపూర్ణ పిక్చర్స్‌లో అక్కినేని నాగేశ్వరరావు నటిస్తే దుక్కిపాటి నిర్మాణం చూసుకునె. ‘రామదాసు’కు దర్శకుడు, నిర్మాత నాగయ్యగారే. దర్శకుడు ఇంకో పది రోజులు కావాలంటే కాదనేదెవరు?

కాణిపాకం దారి: అంత సులువుగా తోసెయ్యొద్దు తమ్ముడూ. వాహినీవాళ్ల సినిమాల్లో పోతనగా, వేమనగా వెలిగిన మనిషి నాగయ్యగారు. ఆ రోజుల్లో వచ్చింది నాలుగు రాళ్లు వెనకేసుకోనుంటే ఆలస్యాన్ని తట్టుకోలేడా? 1965లో పద్మశ్రీ వచ్చినాక కూడా చిన్న చిన్న వేషాలు వేసుకుంటా 1973లో పోయినాడు. ఆ సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె పిండేస్తుంది.

అలిపిరి: బాధ నాకూ ఉందన్నా. అయితే దాచినా ఇంటి డబ్బు, కంపెనీ డబ్బు ఒకే పెట్టెలో ఉంటే సాగే సినిమా రెండింటినీ మింగేస్తుంది. అందుకే ఇక్కడి పిల్లకాయలకు చెప్తాండా: బ్యానర్‌కు వేరే ఖాతా తెరవండి. దర్శకుడి సంతకం ఒక్కదానితో చెక్కు కదలగూడదు. షూటింగు పెరిగితే ఆ డబ్బు ఎవరు తేవాల్నో ముందే అగ్రిమెంటులో రాసుకోండి. సీడెడ్‌కు (రాయలసీమ ఏరియాకు) బయ్యరు ఖాయం కాకముందే దాని మీద అప్పు తేవద్దు.

గిరింపేట: సరే తమ్ముడూ, మరి దర్శకుడే నిర్మాత అయితే? ఇక్కడ చిన్న సినిమాకు ఇంకో నిర్మాత యాడ దొరుకుతాడు? చెక్కు మీద ఆ రెండో సంతకం ఎవుర్ని పెట్టమనాల?