అమ్మకి కాయిలింగ్ సక్సెస్ అన్నారు, మరి ఆరో రోజు నన్ను గుర్తుపట్టడం లేదేంటి?

మారతహళ్లి_చిన్నోడు:
నమస్కారం అండి. మాది హిందూపురం దగ్గర పల్లె. అమ్మకి 58, నా దగ్గరే ఉంటుంది. పోయిన వారం మేడ మీద బట్టలు ఆరేస్తూ "తల పగిలిపోతోందిరా" అని ఉన్నపళంగా కూలబడింది. వాంతులు. పక్క వీధి క్లినిక్‌లో గ్యాస్ అని ఇంజెక్షన్ వేసి పంపేశారు. సాయంత్రానికి మగతగా అయిపోయి మెడ వంచలేకపోయింది. పెద్దాసుపత్రిలో సీటీ తీస్తే మెదడు చుట్టూ రక్తం, యాంజియోలో రక్తనాళం మీద 6 మి.మీ. బుడగ. తొడ దగ్గర నుంచి గొట్టం పంపి బుడగ లోపల కాయిల్స్ (సన్న తీగ చుట్టలు) పెట్టి మూసేశారు. నిన్నటిదాకా బాగానే మాట్లాడింది. ఇవాళ నన్ను మా మామ పేరుతో పిలుస్తోంది, ఎడమ చెయ్యి సరిగ్గా లేవడం లేదు. డాక్టరు "వాసోస్పాజమ్" అని ఒక్క మాట చెప్పి వెళ్లిపోయారు. టెన్షన్‌తో చచ్చిపోతున్నా.

కోలార్_రెడ్డి:
తమ్ముడూ, మా నాన్నకి 2019లో బెంగళూరు నిమ్హాన్స్‌లో తల తెరిచి ఇలాంటి బుడగకే క్లిప్ వేశారు. మాకూ సరిగ్గా ఇదే జరిగింది. బుడగ మూసేశారు, నిజమే. కారిన రక్తం మాత్రం అక్కడే ఉంటుంది కదా. అది విరిగి కరిగేటప్పుడు చుట్టూ ఉన్న రక్తనాళాలు బిగుసుకుపోతాయి, వాటి అవతలి భాగానికి రక్తం చాలదు. అదే స్పాజమ్. ఎక్కువగా 4వ రోజు నుంచి 14వ రోజు దాకా ఈ గండం. ఐసీయూలో ఉంచేది అందుకే. ఈ ముప్పు తగ్గించడానికి నిమోడిపిన్ మాత్రలు నాలుగు గంటలకోసారి, 21 రోజులు ఇస్తారు.

ఇంకోటి. మొదట బీపీ పెరగకూడదన్నవాళ్లే తర్వాత పెంచడానికి మందు ఎక్కిస్తుంటే నేను నర్సుతో గొడవ పడ్డాను. బుడగ తెరిచి ఉన్నప్పుడు బీపీ పెరిగితే మళ్లీ పగలొచ్చు. మూసేశాక, బిగుసుకున్న నాళాల్లోంచి రక్తాన్ని తోయాలంటే ఆ ఒత్తిడే కావాలట. తర్వాత ఆవిడకి సారీ చెప్పాలెండి.

జయనగర్_కోడలు:
స్పాజమ్ ఒక్కటే కాకపోవచ్చు అన్నా. మా అత్తయ్యకి ఇలాగే తికమక పడితే తలలో నీరు చేరిందని తేలింది, ట్యూబ్ వేసి బయటికి తీశారు. రక్తంలో సోడియం పడిపోయినా అంతే. "ఈ రెండూ చూశారా" అని అడగండి, తప్పేం లేదు.

మంచిమాట77:
డిశ్చార్జ్ అయ్యాక మా ఊరి నాటు వైద్యుడి పసరు ముక్కులో వేయించండి, నరాలు వదులవుతాయి.

కోలార్_రెడ్డి:
స్వామీ, మీకో దండం. ఐసీయూ బయట కూర్చున్నవాడికి చెప్పే మాటేనా అది?

హెబ్బాళ_బావ:
ఆ గ్యాస్ ఇంజెక్షన్ సంగతి చదివి ఒళ్లు మండింది. ఒక్క నిమిషంలోనే తారస్థాయికి చేరే తలనొప్పికి వెంటనే సీటీ తీయాలి. మొదటి 6 గంటల్లో తీస్తే దాదాపు తప్పిపోదు. ఆలస్యమయ్యేకొద్దీ రక్తం ఫిల్ములో కనిపించకుండా పోవచ్చు, అప్పుడు వెన్నులోంచి నీరు తీసి చూడాలి.

మా ఇంట్లో అమ్మకీ అన్నయ్యకీ ఇద్దరికీ వచ్చింది. అందుకని నాకూ ఎంఆర్ యాంజియో చేయించమన్నారు. 3 మి.మీ. బుడగ కనిపించింది. నూటికి ముగ్గురికి ఇలాంటిది ఉంటుందట, చాలామందివి ఎప్పటికీ పగలవు. ఆపరేషన్ వద్దు, అప్పుడప్పుడు స్కాన్ చేయించుకో అన్నారు. సిగరెట్ మాత్రం ఆ రోజే పారేశాను. మా ఆవిడ పదేళ్లు పోరినా మాననివాణ్ణి.

మారతహళ్లి_చిన్నోడు:
అందరికీ థ్యాంక్స్. అక్కా, మీరు చెప్పినట్టే అడిగాను. నీరు చేరలేదు, సోడియం పర్వాలేదు. రాత్రి మళ్లీ యాంజియో చేసి బిగుసుకున్న నాళంలోకే మందు పంపారు. పొద్దున నన్ను చూసి "మేడ మీది బట్టలు తీశావా?" అంది. చెయ్యి ఇంకా బలహీనంగానే ఉంది. ఫిజియో మొదలుపెడతారట.

ఒక డౌట్. ఆ 21 రోజులు పూర్తికాకముందే ఇంటికి పంపితే, రాత్రి 2 గంటల మాత్రకి కూడా లేపాలా?

కోలార్_రెడ్డి:
లేపాలి. ఫోన్లో రెండు అలారాలు పెట్టుకో, ఒక్కదానికి నువ్వు లేవవు.