పాత ఎమ్‌జీబీ ఇంజిన్ ఇంట్లోనే విప్పి కట్టాలా, ఆటోనగర్‌కి ఇచ్చేయాలా?

పటమట కుర్రోడు

అందరికీ నమస్తే అండి. మా పెదనాన్న గారి ఎమ్‌జీబీ (పాత బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) ఇప్పుడు మా ఇంటికొచ్చింది, 1967 మోడల్, ఓపెన్ టాప్. బండి నడుస్తుంది కానీ ఇంజిన్ బోరుకొచ్చేసింది, అంటే సిలిండర్లు అరిగిపోయాయి, నీలం పొగ కొడుతోంది, వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ ప్రెషర్ ముల్లు దాదాపు కిందకి పడిపోతోంది. నాన్నగారేమో మన బెజవాడ జవహర్ ఆటోనగర్‌లో తెలిసిన షెడ్డు ఉంది అక్కడ పడేయ్ అంటున్నారు, నాకేమో మా ఇంటి షెడ్డులోనే దించి నా చేత్తో కట్టాలని ఉంది. బుల్లెట్ ఇంజిన్ విప్పి కట్టా, కారు ఇంజిన్ మాత్రం ఇదే ఫస్ట్. చెయ్యొచ్చా? మొహమాటం లేకుండా చెప్పండి.

ఆటోనగర్ చిన్నోడు

వద్దు తమ్ముడూ. మాది రెండు తరాల షెడ్డు, అందుకే చెప్తున్నా. ఎమ్‌జీబీ ఇంజిన్ అంటే ఏదో లండన్ నుంచి దిగిన వింత వస్తువేం కాదు, మన పాత అంబాసిడర్‌లో ఉన్న బ్రిటన్ బీఎమ్‌సీ కంపెనీ బీ సిరీస్ ఇంజినే పెద్దది చేసి పెట్టారు. ఈ ఊళ్లో అంబాసిడర్ ఇంజిన్లు కట్టిన చేతులు ఇంకా ఉన్నాయి, ఆ పెద్ద మేస్త్రీలు బేరింగ్ బిగించి క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) చేత్తో తిప్పి చూసి టైటో లూజో చెప్పేస్తారు. ఆ చెయ్యి నీకు వీడియోలు చూస్తే రాదు. పైగా బరువు. పోత ఇనుము బ్లాకు, ఉత్త ఇంజినే 150 కేజీల పైన ఉంటుంది, గేర్‌బాక్స్‌తో కలిపి తీస్తే ఇంకా. ఇంటి షెడ్డు రేకుల కింద పైపుకి చైన్ బ్లాక్ కట్టి లేపుతానంటే నేను ఒప్పుకోను, పైపు వంగితే కింద ఉన్నది నీ కాళ్లు.

గుంటూరు రోడ్‌స్టర్

చిన్నోడు అన్నా, బరువు సంగతి నూటికి నూరు పాళ్లు కరెక్ట్, రేకుల పైపుకి కట్టొద్దు, కాళ్లున్న గ్యాంట్రీ (బరువులు లేపే ఇనుప స్టాండు) గానీ ఇంజిన్ క్రేన్ గానీ అద్దెకి తెచ్చుకోవాల్సిందే. కానీ మిగతాదానికి నేను ఒప్పుకోను, కాస్త వివరంగా రాస్తా.

బీ సిరీసే, నిజం. స్ట్రోక్, అంటే పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం, రెండిటికీ ఒకటే, 88.9 మిల్లీమీటర్లు. కానీ అంబాసిడర్ 1489 సీసీకి బోర్ (సిలిండర్ వెడల్పు) 73 మిల్లీమీటర్లు, ఎమ్‌జీబీ 1798 సీసీకి 80.26. పిస్టన్లు, రింగులు, హెడ్ గాస్కెట్ ఏదీ దానిది దీనికి పడదు. ఇంకొకటి, ఎమ్‌జీబీ 1962లో క్రాంక్‌ని మోసే మెయిన్ బేరింగులు మూడింటితో వచ్చింది, 1964 చివర్లో ఐదు చేశారు. తమ్ముడూ నీ బ్లాక్ మీద ప్లేట్ చూడు, 18జీబీ అని మొదలైతే ఐదు బేరింగులది. షెడ్డులో "అంబాసిడరే కదా" అనుకుని చెయ్యి పెట్టేవాళ్ల దగ్గర తేడా వచ్చేది ఇక్కడే. ఇంకో మాట, ఈ బండ్లకి బోల్టులు ఇంచీ సైజువి, ఏఎఫ్ పానాలు కావాలి. 13, 14 నంబర్ పానాలేసి గట్టిగా తిప్పితే తలలు అరిగిపోతాయి. పాత అంబాసిడర్ మేస్త్రీ దగ్గర ఆ పానాలు ఉంటాయి, కానీ ఇవాళ షెడ్డులో నిజంగా విప్పేది ఆయన కాదు, ఆయన కింద పనిచేసే కుర్రాడు. ఆ కుర్రాడు మారుతీలు, బొలేరోలు చూసి పెరిగాడు.

అసలు నా పాయింట్ ఏంటంటే రీబిల్డ్‌లో రెండు పనులున్నాయి. మెషీన్ పని ఒకటి: బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, హెడ్ ఫేసింగ్. అది ఇంట్లో అవ్వదు, ఆటోనగరే దిక్కు, ఈ విషయంలో బెజవాడ వాళ్లు అదృష్టవంతులు. రెండోది విప్పడం, గుర్తులు పెట్టడం, కొలవడం, కడగడం, బిగించడం. దీనికి కావాల్సింది ఓపిక, రోజూ పది బండ్లు దిగే షెడ్డులో దొరకనిది అదే. కనెక్టింగ్ రాడ్ క్యాప్ ఏ రాడ్‌ది ఆ రాడ్‌కే, మెయిన్ క్యాప్ ఏ స్థానంలోది ఆ స్థానానికే పడాలి, ఎందుకంటే క్యాప్ బిగించాకే కంపెనీలో ఆ రంధ్రం కోశారు. వాల్వులు లేపే పుష్ రాడ్లు, ట్యాపెట్లు కూడా వరసగా అట్టముక్కలో గుచ్చి నంబర్ వేసుకోవాలి. అన్నీ ఒకే డీజిల్ ట్రేలో పడ్డాయంటే అంతే సంగతులు.

కడగడం మరీ ముఖ్యం. బోరింగ్ నుంచి వచ్చిన బ్లాక్ చూడ్డానికి మెరుస్తూ ఉంటుంది గానీ ఆయిల్ దారుల్లో ఇనుప పొడి, రాయి పొడి ఉంటాయి. ఆ దారుల ప్లగ్గులు తీసి, సన్న బ్రష్ పెట్టి, వేడి నీళ్లు సబ్బుతో, తెల్లగుడ్డతో తుడిస్తే మరక రానంత వరకూ కడగాలి, వెంటనే ఆరబెట్టి ఆయిల్ పుయ్యాలి, కృష్ణ ఒడ్డు గాలికి బోర్ ఎర్రబడడానికి ఎక్కువ టైం పట్టదు. కొత్త బేరింగులు త్వరగా పోయాయంటే నేనైతే ముందు ఈ కడుగుడినే అనుమానిస్తా. సొంత బండి అనుకున్నవాడే ఆ గంటలు పెడతాడు.

సింగ్‌నగర్ శీను

నాదొక చిన్న మాట. షెడ్డు ఎక్కడుందో చూసుకో తమ్ముడూ. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వచ్చినప్పుడు మా వైపు బండ్లన్నీ మునిగాయి. పటమటలో ఆ భయం అంత లేకపోయినా విప్పిన ఇంజిన్ నేలమీద వదలకు, అటక మీదో పై అంతస్తులోనో పెట్టు. ఇంకోటి, మే ఎండలో కొలతలు తీసేటప్పుడు మైక్రోమీటర్ ఏసీ రూములోంచి తెచ్చి రేకుల కింద కాలిపోతున్న క్రాంక్ మీద పెట్టకు, తేడా చూపిస్తుంది. రెండూ ఒకేచోట రాత్రంతా ఉంచి పొద్దున్నే కొలువు.

ఆటోనగర్ చిన్నోడు

రోడ్‌స్టర్ గారూ, కుర్రాళ్ల మీద మీరన్నది కొంతవరకు ఒప్పుకుంటా, ట్రేలో కలిపేసే షెడ్లు ఉన్నాయి, లేవనను. కానీ మొదటిసారి చేసేవాడికి తెలీని చోట్లు చాలా ఉంటాయండి. థ్రస్ట్ వాషర్లకి (క్రాంక్ ముందుకీ వెనక్కీ జరక్కుండా ఆపేవి) గాడులున్న వైపు క్రాంక్ వైపు ఉండాలి, తిప్పి పెట్టినా పడుతుంది, ఎవడికీ తెలీదు, తర్వాత క్లచ్ తొక్కినప్పుడల్లా క్రాంక్ ముందుకి జరుగుతుంది. ఎమ్‌జీబీ క్లచ్ రిలీజ్ బేరింగ్ గ్రాఫైట్‌ది, ఇంజిన్ దిగినప్పుడే మార్చకపోతే మళ్లీ అంతా దించాలి. మొదటి స్టార్ట్ ఇంకా పెద్ద గండం. స్పార్క్ ప్లగ్గులు తీసి ఆయిల్ ప్రెషర్ ముల్లు లేచేదాకా స్టార్టర్ తిప్పాలి, స్టార్ట్ అయ్యాక ఐడిల్‌లో వదలకుండా 2000 ఆర్పీఎం దగ్గర ఓ 20 నిమిషాలు పట్టి ఉంచాలి, లేకపోతే కొత్త క్యామ్, ట్యాపెట్లు ఒకదాన్నొకటి కొరుక్కుంటాయి. ఆయిల్ కూడా జింక్ ఉన్నది పొయ్యాలి. అప్పుడు పక్కన తెలిసిన మనిషి ఉండాలా వద్దా?

గుంటూరు రోడ్‌స్టర్

ఉండాలన్నా, ఆ రోజు మీరే రండి, నేను కాదనేది అది కాదు. బండి మొత్తం షెడ్డులో వదిలేసి "అయ్యాక ఫోన్ చెయ్యండి" అనడాన్ని నేను కాదంటున్నా. ఇంకో భయం కూడా ఉంది, చాలా పాత బండ్ల విషయంలో "ఇది బాగుచేసే బదులు వేరే ఇంజిన్ ఎక్కిద్దాం" అనే సలహా వస్తుంది. తమ్ముడూ దానికి తలూపకు. 2021లో వచ్చిన వింటేజ్ రూల్స్ ప్రకారం 50 ఏళ్లు దాటిన బండికి వింటేజ్ బండ్లకిచ్చే వీఏ సిరీస్ నంబర్ తీసుకోవచ్చు, కానీ చాసిస్, బాడీ, ఇంజిన్ మార్పులు లేకుండా ఒరిజినల్‌గా ఉంటేనే. నీ 1967 బండికి అర్హత ఉంది, పెదనాన్న గారి బ్లాక్ పోయిందంటే ఆ దారి మూసుకుపోతుంది. ఇంజిన్ ఇంట్లో ఉంటే బ్లాక్ మీది నంబర్ నీ కళ్లముందే ఉంటుంది.

హెడ్ మెషీన్ షాపుకి వెళ్లినప్పుడు ఎగ్జాస్ట్ వాల్వులకి గట్టి సీట్లు వేయించు, ఈ హెడ్డు సీసం కలిపిన పెట్రోల్ రోజులది, ఆ సీసమే సీట్లు అరక్కుండా కాపాడేది, మన దేశంలో 2000 నాటికే ఆ పెట్రోల్ ఆగిపోయింది. ఇప్పుడొచ్చే 20 శాతం ఇథనాల్ పెట్రోల్‌కి పాత రబ్బర్ పైపులు కూడా ఆగవు, రెండు ఎస్‌యూ కార్బురేటర్లకీ వెళ్లే పైపులన్నీ మార్చేయ్.

పటమట కుర్రోడు

ప్లేట్ చూశా, 18జీబీయే. దించడం, విప్పడం ఇంట్లోనే అని నాన్నగారిని ఒప్పించా, గ్యాంట్రీ అద్దెకి మాట్లాడా. పిస్టన్లు బయట నుంచి రావాలి కదా, లేటవుతుందని ఇప్పుడే ట్వంటీ ఓవర్‌సైజ్ (ఇంచీలో వెయ్యికి ఇరవై వంతులు పెద్దవి) ఆర్డర్ పెట్టేయమంటారా?

ఆటోనగర్ చిన్నోడు

ఆగు ఆగు. ఇంట్లో విప్పడం నాకు ఇంకా ఇష్టం లేదు, అయినా నీ ఇష్టం. పిస్టన్లు మాత్రం ఇప్పుడే కొనకు. ముందు బ్లాక్ తీసుకొచ్చి నాలుగు బోర్లూ కొలిపించు, పైన మధ్యలో కింద మూడు చోట్లా. ఎంత అరిగిందో, ఇంతకుముందే ఎవరైనా బోర్ కొట్టించారో అప్పుడు తెలుస్తుంది, ఫార్టీకి వెళ్లాల్సి వస్తే నీ ట్వంటీ సెట్ డబ్బాలోనే ఉంటుంది. సైజు తేలాక పిస్టన్లు తెప్పించు, అవి చేతికొచ్చాక వాటిని కొలిచి దానికి తగ్గట్టు బోర్ కొట్టిద్దాం. బ్లాక్ తెచ్చే రోజు మెయిన్ క్యాపులన్నీ వాటి స్థానాల్లోనే బిగించి తీసుకురా, విడిగా సంచిలో వేసుకుని రాకు.