సావనీర్‌లో అచ్చయిన అబ్‌స్ట్రాక్ట్‌ని పబ్లికేషన్ అని రాసుకోవచ్చా?

ఎచ్చెర్ల స్కాలర్: అందరికీ నమస్కారం. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో తాగునీటి మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. రెండేళ్ళ కిందట ఒక జాతీయ సెమినార్‌లో పేపర్ చదివాను. సెమినార్ సంచికలో, అంటే సావనీర్‌లో, నా పేపరు సారాంశం (అబ్‌స్ట్రాక్ట్) అచ్చయింది, ఆ సంచికకి ఐఎస్‌బీఎన్ (పుస్తకాలకిచ్చే గుర్తింపు నంబరు) కూడా ఉంది. మొన్న ఒక కాలేజీ ఇంటర్వ్యూకి వెళ్తే, పబ్లికేషన్ల కింద రాసిన ఆ లైనుని ప్యానెల్‌లో ఒకాయన పెన్నుతో కొట్టేశారు. అచ్చయినది పబ్లికేషన్ కాకపోతే మరేంటి?

టెక్కలి మాస్టారు: కొట్టేయడం సబబే బాబూ. యూజీసీ 2016 నిబంధనల్లో థీసిస్ ఇచ్చేలోపు రిఫరీడ్ జర్నల్లో (నిపుణులు పరీక్షించాకే వేసుకునే పత్రికలో) ఒక పేపరు, సెమినార్లలో రెండు ప్రెజెంటేషన్లు ఉండాలన్నారు. 2022లో ఆ నిర్బంధం తీసేశారు, అది వేరే సంగతి. పేపరు వేరు, ప్రెజెంటేషన్ వేరు అని అప్పుడే విడగొట్టారు కదా. మీది రెండో రకం.

ఎచ్చెర్ల స్కాలర్: ఐఎస్‌బీఎన్ ఉందని చెప్పాను కదండీ.

బొబ్బిలి లైబ్రేరియన్: ఐఎస్‌బీఎన్ మన దేశంలో రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ ఉచితంగా ఇస్తుంది. వంటల పుస్తకానికైనా అవే 13 అంకెలు. లోపల ఏముందో వాళ్ళు పరీక్షించరు.

గజపతినగరం: జర్నల్ సప్లిమెంట్‌లో, అంటే అనుబంధ సంచికలో, వస్తేనో?

బొబ్బిలి లైబ్రేరియన్: అప్పుడు వాల్యూమ్, పేజీ నంబరు ఉంటాయి, ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. అయినా ‘కాన్ఫరెన్స్ అబ్‌స్ట్రాక్ట్’ అని వేరే హెడ్డింగ్ కిందే రాయాలి.

ఎచ్చెర్ల స్కాలర్: ఐఎస్‌బీఎన్ ఉన్నది పుస్తకమే కదా? పుస్తకంలో వచ్చింది ప్రచురణ కాదా?

విజయనగరం ఫార్మసీ: నా సంగతి వినండి. నా అబ్‌స్ట్రాక్ట్ అచ్చయిన ఏడాదికి అదే పద్ధతితో వేరే వాళ్ళు పేపరు వేసుకున్నారు. అడిగితే “నువ్వు పబ్లిష్ చేయలేదుగా” అన్నారు. రెండు నెలలు నిద్ర పట్టలేదు. అచ్చయిన తేదీకి విలువ లేదంటే మాలాంటి వాళ్ళు ఎక్కడ చెప్పుకోవాలి? నా లెక్కలో అది పబ్లికేషనే.

టెక్కలి మాస్టారు: మీ బాధ వేరు, రూలు వేరు.

విజయనగరం ఫార్మసీ: రూలు ఎప్పుడూ కుర్చీలో ఉన్నవాళ్ళకేనా మాస్టారూ?

టెక్కలి మాస్టారు: కోపం వద్దమ్మా. నేను రిఫరీగా ఇరవై ఏళ్ళు పేపర్లు చూశాను. పట్టికలు, పద్ధతి, లెక్కలు లేకుండా 250 పదాల్లో ఏం పరీక్షిస్తాం? ఇంకొకటి. 1969లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ అనే మెడికల్ పత్రిక ఎడిటర్ ఇంగెల్‌ఫింగర్, వేరేచోట ముందే ప్రచురించినది తాము తీసుకోబోమని నియమం పెట్టారు. పెద్ద మెడికల్ జర్నళ్ళు ఇప్పటికీ దాదాపు అదే పాటిస్తాయి, మీటింగ్ అబ్‌స్ట్రాక్ట్‌కి మాత్రం అడ్డు చెప్పవు. మీ అబ్‌స్ట్రాక్ట్ పబ్లికేషనే అని వాదించి గెలిస్తే, రేపు అదే డేటాతో పూర్తి పేపరు ఎక్కడికి పంపుతారు?

గజపతినగరం: ఇది మాత్రం పాయింటే.

ఎచ్చెర్ల స్కాలర్: వేసవిలో ఊరూరా తిరిగి, సీసాలు మోసి, సొంత డబ్బుతో టెస్టులు చేయించాను మాస్టారూ. ఆ ఒక్క గీతతో అదంతా లేదన్నట్టే అయింది. నాకు మండేది అక్కడ.

కవిటి కుర్రాడు: అన్నా, రెండు రోజులుగా ఇది చదువుతున్నాను. మూడేళ్ళ కిందట మా బోరు నీళ్ళు కూడా ఎవరో సీసాల్లో పట్టుకెళ్ళారు. మా నాన్న అప్పటికే వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్ళేవారు. “రిజల్ట్ చెప్తాం” అన్నారు, మళ్ళీ రాలేదు. మీరంతా ఏ హెడ్డింగ్ కింద రాయాలో తేల్చుకుంటున్నారు. మాకు ఏ కాగితమూ చేరలేదు. మా ఊరికి సంబంధించినంతవరకు అది అచ్చవ్వనట్టే.

టెక్కలి మాస్టారు: బాబు అడిగింది న్యాయం. 2018లో కొక్రేన్ (వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి తూచే సంస్థ) సమీక్ష మూడు లక్షలకు పైగా మీటింగ్ అబ్‌స్ట్రాక్ట్‌ల సంగతి చూసింది. పూర్తి పేపరుగా వచ్చినవి 37 శాతమే. మిగతావి సావనీర్లలోనే ఉండిపోయాయి. పబ్లికేషన్ అనేస్తే అక్కడితో పని అయిపోయిందనుకుంటారని నా భయం. స్కాలర్ గారూ, పూర్తి పేపరు ఎందుకు రాయలేదు?

ఎచ్చెర్ల స్కాలర్: వానాకాలం శాంపిల్స్ మళ్ళీ తీయాలి. అప్పటికి డబ్బులు అయిపోయాయి. ఇంటర్వ్యూ టెన్షన్‌లో పడి వదిలేశాను. ఊళ్ళకి రిజల్ట్ ఇవ్వకపోవడం నా తప్పు, ఒప్పుకుంటున్నాను. ఉద్దానం కిడ్నీ జబ్బుకి కారణం నీళ్ళా, ఎండా, మందులా అన్నది ఇంకా తేలలేదు. భయపెడతానేమో అని కూడా ఆగాను. కవిటి తమ్ముడూ, మీ బోరు ఎక్కడుంది? సీసాల వివరాలన్నీ నోట్‌బుక్‌లో ఉన్నాయి.

కవిటి కుర్రాడు: రామాలయం వెనక, కొబ్బరితోట గట్టు మీద. ఇప్పుడు హిరమండలం రిజర్వాయర్ నీళ్ళ కుళాయి ఉంది. కుళాయి రాని రోజు అమ్మ ఇంకా ఆ బోరు నీళ్ళే పడుతుంది.

ఎచ్చెర్ల స్కాలర్: దొరికింది. ఈ ఆదివారం కాగితం పట్టుకుని వస్తాను.