టైమ్ మెషిన్ కథలో గిడుగువారిని పెట్టొచ్చా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి):
2010లో బీబీసీ సీరియల్ డాక్టర్ హూలో ఒక ఎపిసోడ్ వచ్చింది. చిత్రకారుడు వాన్ గోను టైమ్ మెషిన్‌లో ఈనాటి పారిస్ మ్యూజియంకి తెస్తారు. తన బొమ్మల ముందు నిలబడ్డ జనాన్ని చూసి ఆయన ఏడ్చేస్తాడు. తిరిగి వెళ్లాక ఆయన చావు మాత్రం ఆగదు. చరిత్రను మార్చలేదు కాబట్టే నాకు నచ్చింది. గిడుగు రామమూర్తి పంతులుగారిని కూడా ఇలా ఇప్పటి పర్లాకిమిడికి తెచ్చే సీరియల్ తీస్తే?

వంశధార (గుణుపురం):
వద్దండీ. ఆయన సవర పల్లెలు తిరిగి జ్వరాలు తెచ్చుకుని, క్వినైన్ వాడి వినికిడి పోగొట్టుకున్నారు. టీవీలో ఆ చెవుడు చూపిస్తారా?

సిల్క్ సిటీ (బరంపురం):
ఆదిత్య 369లో కృష్ణదేవరాయలు మాట్లాడితే అందరం చూశాం కదా!

వంశధార:
రాయలవారిని చూసినవాళ్లు ఎవరున్నారు? పంతులుగారు పోయింది 1940లో. మా తాతగారు ఆయన్ని చూశారు. ముందు చెవి సంగతి చెప్పండి.

మహేంద్రతనయ:
పలక మీద రాసి చూపిస్తారు. అదే పట్టుకుని వేలాడతారేం? మా అమ్మాయి బడిలో తెలుగు మాస్టారు రిటైరయ్యాక మూడేళ్లు ఎవర్నీ వేయలేదు. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది, అక్షరం మాత్రం చదవలేదు. పంతులుగారు వచ్చి అది చూడాలి.

వంశధార:
అంటే మీ గొడవకి ఆయన్ని సాక్ష్యానికి పిలుస్తున్నారన్నమాట. 1936లో పర్లాకిమిడిని ఒడిశాలో కలిపితే ఆయన ఊరే వదిలి రాజమండ్రి వెళ్లిపోయారు. అలా వెళ్లిన మనిషిని మళ్లీ లాక్కొస్తారా?

మహేంద్రతనయ:
వెళ్లగలిగినవాళ్లు వెళ్లారు. మా తాత వెళ్లలేదు, మేమూ వెళ్లలేదు. ఇక్కడే ఉన్నవాళ్ల సంగతి ఆయనకి ఎవరో ఒకరు చెప్పాలి. కథలోనైనా సరే!

సిల్క్ సిటీ:
మెల్లగా, మెల్లగా.

కొండదారి (గజపతి జిల్లా):
నేను సవరని. తెలుగు నాకు సంతలో వచ్చింది. పంతులుగారు సొంత డబ్బు పెట్టి మా పిల్లలకు బడులు నడిపారు. మా భాష మీద ఆయన రాసిన పుస్తకం 1931లో అచ్చయింది. మీరు చెప్పే ఆ 1936లోనే మంగెయ్ గొమాంగో మాకు సొరంగ్ సొంపెంగ్ లిపి తయారుచేశారు. ఇక్కడ మా పల్లెల పేరు జ్వరాల దగ్గర తప్ప రాలేదు. టైమ్ మెషిన్ దిగి ఆయన ముందు ఏ భాషలో పలకరిస్తారు?

మహేంద్రతనయ:
సవరలోనే. ఒప్పుకుంటున్నాను. నాకు అందులో ఒక్క ముక్క రాదు. ఇన్నేళ్లూ పక్కనే ఉండి నేర్చుకోలేదు.

కొండదారి:
అయితే ఆ మాటలు మా వాళ్లచేత రాయించమనండి.

వంశధార:
అలా అయితే నేనూ సరే అంటాను. కానీ చెవుడు తీసేయకూడదు. మా అమ్మకి ఇరవై ఏళ్లుగా వినపడదు. టీవీలో చెవిటివాళ్లను నవ్వించడానికే పెడతారు, ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోతుంది. పంతులుగారు వినపడకుండానే నిఘంటువు పని చేశారని ఆవిడ ఒక్కసారి చూడాలి.