ఐరాసలో ఓటేయకుండా కూర్చోవడం మన విధానమా, తప్పించుకోవడమా?

కృష్ణలంక:
2022 అక్టోబర్ 6న జెనీవాలో ఐరాస మానవ హక్కుల మండలి ముందుకు ఒక చిన్న ప్రతిపాదన వచ్చింది. చైనాలోని షిన్‌జియాంగ్‌లో వీగర్ ముస్లింల పరిస్థితి మీద చర్చ పెడదామా అని. ఖండన కాదు, ఆంక్షలు కాదు, చర్చ అంతే. 17 దేశాలు సరే అన్నాయి, 19 వద్దన్నాయి, 11 దేశాలు ఎటూ చెప్పలేదు. ఆ 11లో మనం ఉన్నాం. అదే రోజు శ్రీలంక మీద తీర్మానం వస్తే అక్కడా అంతే. 2012, 2013లో శ్రీలంకకు వ్యతిరేకంగా ఓటేసిన దేశమే ఇది. మన ఒక్క ఓటుతో చైనా లెక్క మారేది కాదు, నిజమే. కానీ గల్వాన్‌లో 20 మంది జవాన్లను పోగొట్టుకున్న రెండేళ్లకి కూడా, చర్చకైనా సరే అనలేకపోయాం. దీన్ని ఎలా సమర్థిస్తారు?

వేగుచుక్క:
సమర్థించడానికి ఏముంది, ఒక దేశం పేరు పెట్టి నిలదీసే తీర్మానాలంటే మనకు మొదటినుంచీ పడదు. ఇవాళ పక్కవాడి మీద చెయ్యెత్తితే రేపు కశ్మీర్ పేరుతో మన మీద ఎత్తుతారు. అసలు ఈ శ్రీరంగనీతులు చెప్పేదెవరో చూడండి. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి కోటి మంది శరణార్థులు మన దగ్గరికి వస్తే, అమెరికా పాకిస్తాన్‌ను వెనకేసుకొచ్చి బంగాళాఖాతంలోకి యుద్ధనౌకలు పంపింది. ఆ రోజు మానవ హక్కులు ఎక్కడికి పోయాయండీ?

పెన్నా ఒడ్డు:
అమెరికా విషయంలో మీరన్నది అక్షరాలా నిజం. కానీ "మొదటినుంచీ" అన్న మాట దగ్గర ఆగాలి. మొదట్లో మనం చేసింది దీనికి పూర్తిగా తలకిందులు.

జాతి వివక్ష చూపుతున్న దక్షిణాఫ్రికాతో 1946లో వ్యాపారం తెంచేసుకున్న మొదటి దేశం మనదే. అప్పటికింకా స్వాతంత్ర్యం కూడా రాలేదు. అదే ఏడాది విజయలక్ష్మీ పండిట్ బృందం ఐరాస జనరల్ అసెంబ్లీలో ఆ దేశాన్ని పేరు పెట్టి నిలదీసింది. అది మా అంతర్గత విషయం అని దక్షిణాఫ్రికా అడ్డుపడింది. ఇవాళ మనం వాడుతున్న వాదన సరిగ్గా అదే!

ఇక 1974 డేవిస్ కప్ టెన్నిస్. అమృత్‌రాజ్ అన్నదమ్ములున్న జట్టు సెమీస్‌లో సోవియట్ యూనియన్‌ను కొట్టి ఫైనల్‌కి వెళ్లింది. అవతల దక్షిణాఫ్రికా. ఆడేది లేదంది ప్రభుత్వం. కప్పు వాళ్లకు ఊరికే దక్కింది. మనం ఇప్పటివరకు ఆ కప్పు గెలవలేదు. విధానం అంటే అలా ఏదో ఒకటి వదులుకోవాల్సి వస్తుంది. ఎటూ ఓటేయకుండా కూర్చుంటే పోయేదేముంది?

మన నెల్లూరు జిల్లా పల్లపట్టిలో పుట్టిన ఇ.ఎస్. రెడ్డి (శ్రీనివాసులు రెడ్డి) గారి పేరు ఇక్కడ ఎంతమంది విన్నారో. ఐరాస ఉద్యోగి. వర్ణవివక్ష వ్యతిరేక కమిటీ పనిని దశాబ్దాల పాటు నడిపించారు. ఆ కమిటీలో చేరడానికి పాశ్చాత్య దేశాలేవీ ముందుకు రాలేదు. వాళ్లు ద్వంద్వ వైఖరి వాళ్లే, ఒప్పుకుంటాను. అయితే ఆయన, మన దేశం దాన్ని సాకుగా పెట్టుకోలేదు కదా. 1977లో దక్షిణాఫ్రికాకు ఆయుధాల అమ్మకంపై నిషేధం తప్పనిసరి చేస్తూ భద్రతా మండలి తీర్మానం వచ్చేదాకా వెంటపడ్డారు.

వేగుచుక్క:
1946 సంగతి సగమే చెప్పారు. అక్కడి భారతీయులు భూములు కొనకుండా దక్షిణాఫ్రికా చట్టం తెచ్చింది కాబట్టి వ్యాపారం ఆపాం. మనవాళ్ల కోసం చేసిన పని అది, ప్రపంచం కోసం కాదు. పదేళ్లు తిరిగేసరికి 1956లో సోవియట్ ట్యాంకులు హంగరీలోకి వస్తే నెహ్రూ గారు ఎంత నీళ్లు నమిలారో కూడా రాయండి మరి.

పెన్నా ఒడ్డు:
హంగరీ విషయంలో మచ్చ ఉంది, దాచను. మనవాళ్ల కోసం మొదలైందన్నదీ నిజమే. 1952 నాటికి మిగతా ఆసియా, అరబ్ దేశాలతో కలిసి మొత్తం వర్ణవివక్షనే అజెండాలో పెట్టించాం. స్వార్థంతో మొదలైనా అక్కడే ఆగిపోలేదు.

జగిత్యాల అన్న:
మీరు జెనీవా, న్యూయార్క్ తిరుగుతున్నారు గానీ, మనవాళ్ల కోసం అయినా ఇప్పుడు నిలబడుతున్నామా? గల్ఫ్‌లో దిగిన మొదటి రోజే క్యాంపు ఆఫీసులో పాస్‌పోర్ట్ తీసుకుని, అరబ్బీలో ఉన్న కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు. నా ఇష్టంతోనే అప్పగిస్తున్నానని అందులో ఉందట, తర్వాత ఒక మలయాళీ చదివి చెప్పాడు. జీతం ఆగినా కఫీల్‌ని, అంటే వీసా ఇచ్చిన యజమానిని, కాదని వేరే పనికి పోతే అప్పట్లో ఖల్లివెల్లి, అంటే కాగితాల్లేని మనిషి. ఇక ఆకామా (అక్కడ ఉండటానికి ఇచ్చే అనుమతి కార్డు) లేదు, దవాఖాన లేదు, పోలీసు కంటపడితే జైలే. వలస కార్మికుల హక్కుల మీద 1990లో ఐరాస ఒప్పందం వచ్చింది. ఫిలిప్పీన్స్, శ్రీలంక చేరాయి. మనం ఇంతవరకు చేరలేదు.

వేగుచుక్క:
అన్నా, నీ బాధ అర్థమైంది. కానీ గల్ఫ్ దేశాలు ఒక్కటీ ఆ ఒప్పందంలో లేవు. మనం సంతకం పెట్టి పట్టుబడితే వాళ్లు బంగ్లాదేశ్ నుంచి మనుషుల్ని తెచ్చుకుంటారు. పోయేది మన పిల్లల ఉద్యోగాలే.

జగిత్యాల అన్న:
బంగ్లాదేశ్ 2011లోనే చేరింది తమ్ముడూ. ఫిలిప్పీన్స్ అయితే ఇంటిపనికి పోయే ఆడవాళ్లకు నెలకు 400 డాలర్లు తగ్గొద్దని 2006లో పట్టుబట్టింది. 2011లో సౌదీ వీసాలు ఆపింది గానీ, మరుసటి ఏడాది వాళ్లను మళ్లీ తీసుకోవడం మొదలుపెట్టింది. మనం ఏం చేశాం? ఉద్యోగాలు పోతాయనే మాట చెప్పి 2020 సెప్టెంబర్‌లో గల్ఫ్ కార్మికుల కనీస జీతాల పరిమితిని మన ప్రభుత్వమే 30 నుంచి 50 శాతం తగ్గిస్తూ సర్క్యులర్లు ఇచ్చింది. తెలంగాణ హైకోర్టులో కేసు వేసి కొట్లాడితే 2021లో వెనక్కి తీసుకున్నారు. ఆ పది నెలల్లో తక్కువ జీతానికి అగ్రిమెంట్ రాసుకుని విమానం ఎక్కిన వాళ్లకు తేడా ఎవరిస్తారో చెప్పు. వీగర్ల సంగతి తర్వాత మాట్లాడుకుందాం.